వెయ్యి పెసెతాల నోటు మీదున్న ఇంజనీరు

ముందు ప్రశ్న క్లుప్తంగా చెప్తాను, కొత్తగా చదివేవాళ్ళ కోసం. సివిల్ మూడో సంవత్సరం చదువుతున్న ఒకబ్బాయి, వాళ్ళ మామయ్య దాచుకున్న పాత నోట్లలో స్పెయిన్ వెయ్యి పెసెతాల నోటు చూశాడు (యూరోకి ముందు అక్కడి డబ్బు పెసెతా). దాని మీద గడ్డం పెద్దాయన బొమ్మ, పేరు హోసే ఎచెగరాయ్. ఎవరా అని వెతికితే సివిల్ ఇంజనీరు, గణిత పండితుడు, ఆర్థిక మంత్రి, పైగా 1904లో సాహిత్యానికి నోబెల్ అని వచ్చింది. "ఇదంతా ఒక్క మనిషేనా? ఇంజనీరింగ్ చదువు ఆయనకి పాలనలో నిజంగా పనికొచ్చిందా, లేక తెలివైనవాడు కాబట్టి ఎక్కడ కూర్చోబెట్టినా నెట్టుకొచ్చాడా? నేను గ్రూప్స్ రాద్దామనుకుంటున్నాను, అందుకే అడుగుతున్నా" అని ప్రశ్న.

ఒక్క మనిషే. నేను ఇరిగేషన్ శాఖలో ముప్పై రెండేళ్ళు చేసి రిటైరయ్యాను. పాత ఇంజనీర్ల జీవితాలు చదవడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. ఎచెగరాయ్ మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చదువు ఆయనకి పనికొచ్చింది, కానీ మీరు అనుకునే చోట కాదు. ఇంకో సంగతి, ఆ నోటు మీద ఆయన బొమ్మ ఉండటానికి న్యాయమైన కారణం ఒకటుంది. అది మాత్రం ఆయన జీవితమంతా వాదించిన సిద్ధాంతానికి సరిగ్గా ఎదురు తిరిగి చేసిన పని.

పుట్టింది మాడ్రిడ్‌లో, 1832 ఏప్రిల్ 19న. నాన్న ముర్సియాలో పంతులు కావడంతో చిన్నతనమంతా అక్కడే. ఇంజనీరింగ్ కోసం మళ్ళీ మాడ్రిడ్ వచ్చి, అక్కడి రోడ్లు, కాలువల ఇంజనీర్ల స్కూల్లో చేరి 1853లో ఫస్టు ర్యాంకుతో బయటికొచ్చాడు. ఈ స్కూలు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది. 1802లో అగుస్తిన్ దె బెతాన్‌కూర్ అనే ఇంజనీరు దాన్ని పెట్టాడు. రాజుల కోపతాపాలకీ యుద్ధాలకీ రెండు మూడుసార్లు మూతబడి, 1834లో నిలకడగా తెరుచుకుంది. అందులో పాసైతే చాలు, నేరుగా ప్రభుత్వ ఇంజనీర్ల దళంలో ఉద్యోగం. రోడ్డు, వంతెన, రేవు, లైట్‌హౌసు, తర్వాత రైలు మార్గం, అన్నిటి మీదా వాళ్ళ సంతకం పడాల్సిందే. దేశంలో ఉన్న మంచి లెక్కల చదువు కూడా చాలావరకు ఆ గోడల మధ్యే ఉండేది. అంటే ఆ స్కూల్లో చదివినవాడు ఇంజనీరు అయినట్టే, సగం పరిపాలనాధికారి కూడా అయినట్టే. దానికీ రాజకీయానికీ మధ్య గోడ చాలా సన్నం. స్పెయిన్‌కు పలుమార్లు ప్రధాని అయిన సగాస్తా కూడా అదే స్కూలు. వందేళ్ళ తర్వాత 1981లో ప్రధాని అయిన లియోపోల్దో కాల్వో సొతేలో కూడా రోడ్ల ఇంజనీరే. మన కె.ఎల్. రావు గారు ఇంజనీరుగా పేరు తెచ్చుకుని, విజయవాడ ఎంపీ అయి, కేంద్రంలో నీటిపారుదల మంత్రి అయితే మనం వింతగా చెప్పుకుంటాం. స్పెయిన్‌లో పందొమ్మిదో శతాబ్దంలో అది అంత వింత కాదు.

ఉద్యోగంలో మొదటి పోస్టింగు దక్షిణాన, అల్మెరియా, గ్రనాడా వైపు. ఎండిన ప్రాంతం, పని తక్కువ. అక్కడ ఎంతో కాలం లేడు. 1854లో స్కూలుకే ప్రొఫెసరుగా తిరిగొచ్చి 1868 దాకా పద్నాలుగేళ్ళు పాఠాలు చెప్పాడు. కలనగణితం, వివరణాత్మక జ్యామితి, హైడ్రాలిక్స్, ఏది ఖాళీగా ఉంటే అది. మధ్యలో ఆల్ప్స్ పర్వతాల కింద మోంట్ సెనీ సొరంగం తవ్వుతుంటే ప్రభుత్వం చూసి రమ్మని పంపింది. సంపీడన గాలితో రాయి తొలిచే యంత్రాలు అప్పటికి కొత్త. ఆయన తిరిగొచ్చి దాని మీద నివేదిక రాశాడు. సైటులో ఇటుక మీద ఇటుక పెట్టిన ఇంజనీరు కాదు, నిజం చెప్పాలంటే. ఆయన పేరు మీద చెప్పుకోదగ్గ వంతెన గానీ ఆనకట్ట గానీ లేదు. మనలో చాలామంది దీన్ని లోపంగా చూస్తారు. నేను చూడను. పద్నాలుగేళ్ళు బల్ల ముందు కూర్చున్న కుర్రాళ్ళకి కష్టమైన విషయాన్ని విడమర్చి చెప్పినవాడికి నోరు ఎలా తిరుగుతుందో తర్వాత పార్లమెంటులో తెలిసింది.

గణితంలో ఆయన కొత్త సిద్ధాంతాలేమీ కనిపెట్టలేదు. బయటి దేశాల్లో జరుగుతున్నది స్పెయిన్‌కు తెచ్చాడు. 1866లో సైన్స్ అకాడమీలో చేరేటప్పుడు ఇచ్చిన ఉపన్యాసంలో, గణితశాస్త్రం స్పెయిన్‌కు ఏమీ రుణపడి లేదు, అందులో మన నోటికి తేలిగ్గా పలికే పేరు ఒక్కటీ లేదు అని సభ మొహం మీదే చెప్పాడు. సన్మానం చేస్తామని పిలిచిన ఇంట్లో వంట బాలేదన్నట్టు! పెద్ద గొడవైంది. ఎవరికి ఎంత కోపమొచ్చినా, తర్వాతి తరం గణితవేత్త రేయ్ పాస్తోర్ మాత్రం స్పెయిన్ గణితానికి పందొమ్మిదో శతాబ్దం 1865లో, ఎచెగరాయ్‌తోనే మొదలైందని రాశాడు.

ఇక రాజకీయం. స్కూల్లో తన సహోద్యోగి గాబ్రియెల్ రొద్రీగెస్‌తో కలిసి ఫ్రెంచి ఆర్థికవేత్త బాస్తియాను చదివి, ఇద్దరూ పక్కా స్వేచ్ఛా వాణిజ్య వాదులయ్యారు. పత్రిక పెట్టారు, దిగుమతి సుంకాలు తగ్గించాలని సభలు పెట్టారు. ఇక్కడ తమాషా చూడండి: నెలనెలా ప్రభుత్వ జీతం తీసుకునే ప్రభుత్వ ఇంజనీర్లు, ప్రభుత్వం ఏ పనీ చేయకూడదని వాదించారు. నాకిది పెద్దగా ఆశ్చర్యం అనిపించలేదు. ఒక ఎస్టిమేటు ఎన్ని బల్లల మీద ఎన్ని నెలలు నిద్రపోతుందో లోపలివాడికి తెలిసినంతగా బయటివాడికి తెలియదు.

1868 సెప్టెంబరులో తిరుగుబాటు వచ్చింది. ఇసాబెల్ రాణి ఫ్రాన్సుకు పారిపోయింది. తాత్కాలిక ప్రభుత్వంలో ఫొమెంతో మంత్రి రూయిస్ సొరిల్యా, ఎచెగరాయ్‌ని ప్రజా పనుల డైరెక్టర్ జనరల్‌గా వేసుకున్నాడు. ఫొమెంతో అంటే రోడ్లు, గనులు, వ్యవసాయం, వాణిజ్యం, చదువులు, అన్నీ కలిసిన పెద్ద శాఖ. నిన్నటిదాకా పాఠాలు చెప్పినవాడు ఇవాళ శాఖ నడపాలి. కూర్చున్న కొన్ని వారాలకే, నవంబరు 14న ప్రజా పనుల డిక్రీ (ప్రభుత్వ ఉత్తర్వు), డిసెంబరు 29న గనుల డిక్రీ వచ్చాయి. మొదటిదాని పీఠిక చదివితే జీవోలా ఉండదు, తరగతి గదిలో పాఠంలా ఉంటుంది. ప్రజా పనుల మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం తప్పు, వ్యక్తులకీ కంపెనీలకీ స్థానిక సంస్థలకీ దారి వదలాలి, ప్రభుత్వం మెల్లగా తప్పుకోవాలి అని.

రెండోది ఇంకా ఎక్కువ కాలం నిలిచింది. అంతకుముందు గని లీజు తీసుకున్నవాడు అక్కడ పని ఆపకుండా నడుపుతూ ఉండాలి, లేకపోతే ఇంకొకడు వచ్చి లాక్కునే వీలుండేది. ఈ డిక్రీతో ఏటా నిర్ణీత పన్ను కడితే చాలు, గని శాశ్వతంగా నీదే. పెట్టుబడి పెట్టేవాడికి ఇంతకన్నా కావాల్సింది ఏముంది? విదేశీ డబ్బు వరదలా వచ్చింది, గనుల ఉత్పత్తి పెరిగింది. లాభం చాలావరకు దేశం దాటిపోయిందని తిట్టేవాళ్ళూ ఉన్నారు, గనులు తవ్వకుండా భూమిలో ఉంచి ఏం చేస్తారని సమర్థించేవాళ్ళూ ఉన్నారు. నా మటుకు నాకు పన్ను మరీ తక్కువ పెట్టాడనిపిస్తుంది. సూత్రం సరైనదని తేలగానే రాత్రికి రాత్రే అమలు చేసేయాలనే తొందర ఇంజనీర్లకి ఉంటుంది. కాంక్రీటుకి కూడా క్యూరింగు, అంటే నీళ్ళు పెట్టి గట్టిపడనిచ్చే గడువు, కావాలని సైటులో తెలిసిన మనిషి ఫైలు ముందు మర్చిపోతాడు.

ఇంజనీరింగ్ కన్ను ఎక్కడ పనికొచ్చిందని అడిగారు కదా, నాకు నచ్చిన ఘట్టం ఇదిగో. 1869లో కొత్త రాజ్యాంగం రాస్తున్నారు. మత స్వేచ్ఛ ఇవ్వాలా వద్దా అని సభ రెండుగా చీలింది. అదే రోజుల్లో మాడ్రిడ్ అంచున నేల తవ్వుతుంటే, ఒకప్పుడు మత విచారణ కోర్టు (ఇంక్విజిషన్) శిక్ష వేసినవాళ్ళని తగలబెట్టిన చోటు బయటపడింది. మే నెలలో ఎచెగరాయ్ సభలో లేచి ఆ తవ్వకం గోడని వర్ణించాడు. మనం పునాదికి ముందు ట్రయల్ పిట్, అంటే పరీక్ష గొయ్యి, తీసి మట్టి పొరలు నమోదు చేస్తాం చూశారా, అచ్చం అలాగే. ఒక పొర బొగ్గు, ఎముకలు, దాని మీద కప్పిన ఇసుక, మళ్ళీ బొగ్గు, మళ్ళీ ఇసుక. తుప్పు పట్టిన ఇనుప ముక్క, కాలిన పక్కటెముక, ఒక కొస కాలిన జుట్టు జడ. ఆ జడని అడగండి, ఆ ఎముకని అడగండి అన్నాడు. రెండు గంటల వేదాంత వాదన చేయలేనిది ఆ పొరల వర్ణన చేసింది. రాజ్యాంగంలో మత స్వేచ్ఛ వచ్చింది. దానికి కారణం ఈ ఒక్క ఉపన్యాసమే అనను, ఓట్లు అప్పటికే చాలావరకు అటువైపు ఉన్నాయి. కానీ ఆ రోజు నుంచి ఆయన దేశమంతా తెలిసిన మనిషి అయ్యాడు.

ఆ జులైలోనే ఫొమెంతో మంత్రి అయ్యాడు. అక్కడ చేసిన పనుల్లో ఒక్కటి మాత్రం ప్రతి సర్వే ఇంజనీరూ గుర్తుపెట్టుకోవాలి. 1870 సెప్టెంబరు 12న భౌగోళిక సంస్థను స్థాపిస్తూ డిక్రీ ఇచ్చాడు. కార్లోస్ ఇబాన్యెస్ అనే సైనిక ఇంజనీరుకి అప్పగించాడు. ఈ ఇబాన్యెస్సే తర్వాత అంతర్జాతీయ తూనికలు, కొలతల కమిటీకి మొదటి అధ్యక్షుడు. 1:50,000 స్కేలులో దేశం మొత్తానికి టోపోగ్రాఫిక్ మ్యాపు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే పటం, వేసే పని ఆ సంస్థదే. మాడ్రిడ్ షీటు 1875లో వచ్చింది, చివరి షీటు వచ్చేసరికి 1968! ప్రభుత్వం ఏ పనీ చేయకూడదన్న మనిషే తొంభై మూడేళ్ళు నడిచే ప్రభుత్వ పనికి సంతకం పెట్టాడు. ఏ కంపెనీ వేస్తుంది దేశం మొత్తానికి మ్యాపు? అది ఆయనకీ తెలుసు.

ఇక నోటు దగ్గరికి వద్దాం. 1872 డిసెంబరులో ఆర్థిక శాఖకి మారాడు. ఖజానాలో ఏమీ లేదు. క్యూబాలో 1868 నుంచి యుద్ధం, ఉత్తరాన రాజవంశంలోని ఇంకో శాఖకి గద్దె కావాలనే కార్లిస్టుల తిరుగుబాటు. 1873 ఫిబ్రవరిలో, ఇసాబెల్ తర్వాత గద్దెనెక్కిన అమదేయో రాజు "నా వల్ల కాదు" అని దిగిపోయాడు, రిపబ్లిక్ వచ్చింది. ఆ గందరగోళంలోనే, అదే నెలలో, రియో టింటో రాగి గనులను విదేశీ సిండికేటుకి 9 కోట్ల 28 లక్షల పెసెతాలకి అమ్మేశారు. అమ్మాలన్న చట్టం 1870లోనే ఉంది, బేరం తెగినప్పుడు ఆర్థిక మంత్రి కుర్చీలో ఉన్నది ఎచెగరాయ్. ఏప్రిల్‌లో ఆయన పార్టీ వాళ్ళు చేసిన కుట్ర బెడిసికొట్టింది, ఆయన ప్యారిస్ పారిపోయాడు. కొన్ని నెలలు అక్కడే. ఏం తోచక నాటకం రాయడం మొదలుపెట్టాడు.

1874 జనవరిలో సైన్యం పార్లమెంటుని ఖాళీ చేయించింది. తర్వాత జనరల్ సెర్రానో నడిపిన ప్రభుత్వంలో ఎచెగరాయ్ మళ్ళీ ఆర్థిక మంత్రి. ఈసారి ఉన్నది నాలుగు నెలలు. అప్పుడు దేశంలో నోట్లు వేసే బ్యాంకులు చాలా ఉండేవి, ఊరికో బ్యాంకు, దాని నోటు. 1856 చట్టం ప్రకారం కట్టిన మూలధనానికి మూడు రెట్ల దాకా నోట్లు వేయొచ్చు, నోట్ల విలువలో మూడో వంతు లోహం, అంటే బంగారం, వెండి, నిల్వ ఉండాలి. స్వేచ్ఛా వాణిజ్య వాదికి ఇది ఇష్టమైన ఏర్పాటే. కానీ మార్చి 19న ఆయన వేసిన డిక్రీ ఏమంటుంది? ఇకనుంచి నోట్లు వేసే హక్కు ఒక్క బ్యాంక్ ఆఫ్ స్పెయిన్‌దే, ముప్పై ఏళ్ళ పాటు. మూలధనం 10 కోట్ల పెసెతాలు, దానికి ఐదు రెట్ల దాకా నోట్లు, లోహం నిల్వ నాలుగో వంతు చాలు. బదులుగా ఆ బ్యాంకు ఖజానాకి 12 కోట్ల 50 లక్షల పెసెతాలు అప్పు ఇస్తుంది.

లెక్క మీరే చూడండి. మూడు రెట్లు ఐదైంది, మూడో వంతు నాలుగో వంతైంది. మన భాషలో చెప్పాలంటే సేఫ్టీ ఫ్యాక్టర్, అంటే భద్రత కోసం ఉంచే మిగులు, తగ్గించాడు, అదీ తెలిసి తెలిసి. పీఠికలో ఏమీ దాచలేదు: దుర్వినియోగంతో పరపతి పోయింది, పన్నులు అడుగంటాయి, భూముల అమ్మకం ఇప్పట్లో డబ్బు తేదు, యుద్ధం ఖర్చుకి వేరే దారి వెతకక తప్పదు అని రాశాడు. నాకు ఆ వాక్యాలు చదివినప్పుడు మార్చి నెలాఖరు గుర్తొస్తుంది. ట్రెజరీలో ఫ్రీజింగ్ పెట్టేస్తారు, బిల్లులు ఆగిపోతాయి, కూలీలు గేటు ముందు కూర్చుంటారు. ఒకసారి ఒక జిల్లాలో అలా ఉన్నప్పుడు, నేను పదేళ్ళుగా తప్పు అని చెబుతూ వచ్చిన ఒక సర్దుబాటు కాగితం మీద నేనే సంతకం పెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాబట్టి ఎచెగరాయ్‌ని మాట తప్పాడని ఎవరైనా అంటే, నాకు తిట్టబుద్ధి కాదు.

ఊళ్ళ బ్యాంకుల్లో చాలావరకు విలీనమయ్యాయి. బార్సిలోనా, బిల్బావో బ్యాంకులు ఒప్పుకోకుండా, నోట్లు వేసే హక్కు వదులుకుని, విడిగా బతికాయి. గుత్తాధిపత్యం మాత్రం ఆ యుద్ధాలతో పోలేదు. అప్పిచ్చి హక్కు పెంచుకోవడం అలవాటైపోయింది. 1891లో ఖజానాకి వడ్డీ లేకుండా 15 కోట్లు ఇస్తే నోట్ల పరిమితి 150 కోట్ల పెసెతాలకి పెరిగింది. యూరో వచ్చేదాకా స్పెయిన్‌లో నోటు అంటే బ్యాంక్ ఆఫ్ స్పెయిన్ నోటే. అత్యవసరానికి వేసిన తాత్కాలిక బండు ఊరికి శాశ్వత రోడ్డు కావడం మనకేం కొత్త? మీ మామయ్య దగ్గరున్న ఆ 1971 సిరీస్ నోటు మీద ఆయన బొమ్మ వేయడానికి నోబెల్ కారణమో ఇదో గానీ, ఇదే ఎక్కువ న్యాయమని నా ఉద్దేశం.

ఆ డిక్రీకి ఇంచుమించు నెల ముందు, ఫిబ్రవరి 18న, ప్యారిస్‌లో మొదలుపెట్టిన ఆ నాటకం మాడ్రిడ్‌లో ఆడింది. మంత్రి పేరు మీద బాగోదని తన పేరులోని అక్షరాలనే తారుమారు చేసి హొర్హె హయసెకా అని మారుపేరు పెట్టుకున్నాడు. నాటకం పేరుకి అర్థం ఏమిటో తెలుసా? కౌంటర్‌ఫాయిళ్ళ పుస్తకం. ఆర్థిక మంత్రి రాసిన నాటకానికి అంతకన్నా సరైన పేరు దొరకదు.

అక్కణ్ణించి ముప్పై ఏళ్ళు నాటకాలే, అరవై పైచిలుకు. అప్పట్లో హాళ్ళు నిండాయి. ఇప్పుడు చదివితే కొంచెం అతిగా అనిపిస్తాయి. గౌరవం, అనుమానం, మూర్ఛ, చివరి అంకంలో కత్తి. 1904 నోబెల్‌ని ఫ్రాన్సు కవి మిస్త్రాల్‌తో కలిపి ఇచ్చారు. 1905 మార్చిలో దేశం ఘనంగా సన్మానం చేస్తుంటే, ఉనమునో లాంటి కుర్రతరం రచయితలు ఆ సన్మానంలో మాకు భాగం లేదని సంతకాలు పెట్టి ప్రకటన ఇచ్చారు. సాహిత్యం గురించి నన్ను ఎక్కువ అడగకండి, నాది ఆ శాఖ కాదు.

అదే ఏడాది జులైలో, 73 ఏళ్ళ వయసులో, మళ్ళీ ఆర్థిక మంత్రి. మూడు నెలలు. లోటు బడ్జెట్ అంటే దేవుడి పట్ల ఉండే భయం లాంటిది ఉండాలన్న అర్థంలో "లోటు పట్ల పవిత్ర భయం" అనే మాట ఆయనదే అంటారు, స్పెయిన్‌లో ఇప్పటికీ బడ్జెట్ చర్చల్లో వాడతారు. 1874లో అప్పు కోసం గుత్తాధిపత్యం రాసిచ్చినవాడికి ఆ భయం ఎక్కడ పుట్టిందో ఊహించడం కష్టం కాదు. మంత్రి పదవి దిగాక విశ్వవిద్యాలయంలో గణిత భౌతికశాస్త్రం పాఠాలకి వెళ్ళాడు. ఆ పాఠాలు పది సంపుటాలయ్యాయి. 1911లో స్పెయిన్ గణిత సంఘం పెడితే మొదటి అధ్యక్షుడు ఆయనే. 1916 సెప్టెంబరు 14న పోయాడు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మంత్రిగా ఉన్న రోజులన్నీ కూడితే మూడేళ్ళు నిండవు. ఆ మూడేళ్ళలో స్ట్రక్చర్స్ గానీ హైడ్రాలిక్స్ గానీ సూత్రం ఒక్కటి కూడా వాడలేదనుకుంటా. వాడింది వేరే. తెలియని విషయం ఎదురైతే ఏది స్థిరం, ఏది మారుతుంది అని విడదీసుకునే అలవాటు. తను అర్థం చేసుకున్నది గదిలో చివరి బెంచీ వాడికి కూడా చేరేలా చెప్పగలగడం. డిక్రీలో అంకె పెట్టేటప్పుడు అది ఎందుకంతే ఉందో పీఠికలోనే రాసేయడం. మన ఫైళ్ళలో చివరిది నాకు చాలా అరుదుగా కనిపించింది. నెట్టుకొచ్చాడా అంటే, నోరు బాగుండటం వల్ల కొంత నెట్టుకొచ్చాడు కూడా, అది ఒప్పుకోవాలి.

కాబట్టి గ్రూప్స్ రాయండి, కానీ నాలుగో సంవత్సరం ప్రాజెక్టు ఎవరి దగ్గరో కొనుక్కోవద్దు. వీలైతే జూనియర్లకి సర్వే గానీ మెకానిక్స్ గానీ ఒక ఏడాది పాఠం చెప్పండి. కోచింగ్ సెంటర్లో దొరకనిది అక్కడ దొరుకుతుంది.

మీ మామయ్యకి ఒక మాట చెప్పండి. ఆ నోటుని బ్యాంక్ ఆఫ్ స్పెయిన్ ఇక మార్చదు, గడువు 2021 జూన్ 30తో అయిపోయింది. మార్చినా ఆరు యూరోలే వచ్చేవి. పాడవుతుందని లామినేషన్ మాత్రం చేయించొద్దని చెప్పండి. మా తమ్ముడు అలాగే ఒక పాత హైదరాబాదు నోటు చేయించాడు, ఇప్పుడు సేకరించేవాళ్ళు దాన్ని చేత్తో కూడా ముట్టుకోవడం లేదు.